కొల్లేటి లంకలో మోగిన బ్రేకు డ్రమ్ము

నేను కొల్లేరు పోయొచ్చానని తెలిసినప్పటి నుంచి మా నంద్యాలలో కనిపించినవాడల్లా పక్షుల గురించి అడుగుతున్నాడు. పక్షులున్నాయి. మీరు విన్నదానికంటే ఎక్కువే ఉన్నాయి. కానీ నేను పోయింది వాటి కోసం కాదు, ఒక పాత కారు ఎడమ వెనక చక్రం బ్రేకు డ్రమ్ము కోసం. శుక్రవారం బయల్దేరి మరుసటి గురువారం పొద్దునకు తిరిగొచ్చాను. ఆ నడుమ రుచిగల తిండి చాలా తిన్నాను, మర్యాదలు చాలా పొందాను, ఒక్క ముద్దయినా నెమ్మదిగా దిగలేదు. ఎందుకో ముందే చెబుతాను. దాచి చెప్పే పని ఇక నాకు వద్దు.

బయల్దేరక ముందు

నా షెడ్డు బస్టాండు వెనక ఉంది. గుమ్మం మీద బోర్డు నేనే దగ్గరుండి రాయించాను: "పాత కార్లకు అసలు సామాను మాత్రమే వేయబడును." మిగతావాళ్ళు లారీ బోల్టు తెచ్చి కారుకు బిగిస్తారని, ఓబులేసు అలా చెయ్యడని నాకు పొగరు. డాక్టరమ్మ నల్లకారు ఆ పొగరు చూసే నా దగ్గరకొచ్చింది. ఇరవయ్యేళ్ళ కింద అమెరికాలో తయారైన కారు. పల్లెల్లో కాన్పు కష్టమైందంటే ఆ కారేసుకుని పోయే డాక్టరు మా చుట్టుపక్కల ఆవిడొక్కతే.

బ్రేకులకు కొత్త లైనింగు వేయమని కారు వదిలి వెళ్ళారు. ఎడమ వెనక డ్రమ్ము ఇరుసుకు బిగుసుకుపోయింది. దాన్ని ఊడలాగడానికి పుల్లర్ అనే పనిముట్టు ఉంటుంది. నాది ఒక లారీ ఆయన అడిగి పట్టుకుపోయాడు. ఒక్కరోజు ఆగితే తిరిగొచ్చేది. నేను ఆగలేదు, సుత్తి తీసుకున్నాను. పోత ఇనుము సుత్తిదెబ్బకు ఓర్చుకోదని నాకు తెలియదా? తెలుసు. నాలుగో దెబ్బకు అంచు నుంచి బోల్టు రంధ్రం దాకా వెంట్రుకంత పగులు తీసింది. 

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇత్తడితో అతికించి, ఆకురాయి పెట్టి, మసీ నూనే కలిపి పూశాను. పగులు కనపడకుండా పోయింది. డాక్టరమ్మ వచ్చి, "అయిందా ఓబులేసూ?" అన్నారు.

"అయిందమ్మా."

"నువ్వు చూశావు కదా, ఇంకేం," అని కారెక్కి వెళ్ళిపోయారు.

వెళ్ళేటప్పుడు ఇంకో మాట అన్నారు. వచ్చే గురువారం నల్లమల కనుమ దాటి గిద్దలూరు వైపు క్యాంపుకు పోతున్నారట, కారు తయారవడం మంచిదయిందట.  నంద్యాల వీధులు చదును, అక్కడ ఆ అతుకు కొన్నాళ్ళు నిలుస్తుంది. కనుమ దిగేటప్పుడు గంటసేపు బ్రేకు మీద కాలు తీయరు. డ్రమ్ము కాలుతుంది, ఇత్తడి వదిలేస్తుంది. ఆ తర్వాత లోయ.

"కొత్త లైనింగు కుదురుకోవాలమ్మా. నేను మా అత్తను చూసి బుధవారానికొస్తా, అందాకా ఊరు దాటించొద్దు," అన్నాను. నాకు అత్తే లేదు. ఇలాంటి కార్లు ఏలూరు ప్రాంతంలో భూస్వాములు వాడేవారని ఒక డ్రైవరు ఎప్పుడో చెప్పాడు. కుడివైపు డ్రమ్ము మీద పోతలోనే ఉబ్బెత్తుగా వచ్చిన నంబరుంది, రెండువైపులకూ అదే నంబరు. ముందే పలచటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి ఉంచుకున్నాను. ఆ కాగితం జేబులో పెట్టుకుని రైలెక్కాను.

ఏలూరు

ఏలూరులో దిగగానే నాకు తోచింది ఒకటే: ఈ ఊళ్ళో ఎవరికీ కోపం రాదా? జట్కావాడు "ఎక్కండి బాబూ" అన్నాడు. అతని దారికి అడ్డంగా నిలబడ్డవాణ్ణి కూడా "కాస్త తప్పుకోండి" అన్నాడు. మావైపు అయితే ఆ పాటికి ఇద్దరి తాతలూ తలుచుకోబడి ఉండేవాళ్ళు.

కాలవ గట్టు పక్క హోటల్లో పెసరట్టు రెండణాలు. లోపల ఉప్మా పెట్టి, పైన అల్లప్పచ్చడి వేసి ఇచ్చారు. సంగటి, ఊరుబిండి తిని పెరిగిన నాలుక నాది. అట్టు లోపల ఉప్మా ఏమిటని మొదట అనుమానపడ్డాను. తిన్నాక ఇంకోటి అడిగాను. ఊరి నడుమ కాలవలో నిండా నీళ్ళు, పడవల మీద ధాన్యం బస్తాలు. మా ఊళ్ళోనూ కాలవ ఉంది కానీ, అది వచ్చినప్పుడే వస్తుంది. ఇక్కడ నీళ్ళు పక్కింటివాళ్ళంత మామూలు.

పాత మోటారు సామాను కొట్టాయన నా కాగితం చూడనే లేదు. లోపలికి పోయి ఒక డ్రమ్ము పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు.

"సేమ్ టు సేమ్ అండీ. తీసుకెళ్ళి బిగించేసుకోవడమే."

కొలిచాను. అడ్డంకొలత సరిగ్గా అదే. నా ప్రాణం లేచివచ్చింది. బోల్టు రంధ్రాలు లెక్కపెట్టాను. మాది ఆరు, దీనికి అయిదు.

"అయిదే ఉన్నాయి కదయ్యా," అన్నాను.

"ఆరోది మనం కొట్టేసుకోవచ్చండీ. గంటలో పని."

"అయిదింటి నడుమ ఆరోది యాడ కొడతావు? మనుషులెక్కే కారయ్యా ఇది," అని గొంతు పెంచాను. బజారంతా తిరిగి చూసింది. అరిచాక సిగ్గేసింది. ఇత్తడి అతుకేసి ఒక ఆడమనిషిని ఎక్కించి పంపినవాణ్ణి, ఆరో రంధ్రం గురించి పాఠం చెబుతున్నాను.

ఆయన ఏమీ అనుకోలేదు. "మీరు పట్టింపు గల మనిషిలా ఉన్నారండీ. అయితే పెదపాడు వెళ్ళండి. చలపతిరావు గారని రైతు. ఆయన దగ్గర ఇలాంటి కారే ఉండేది," అన్నాడు.

తిరిగి బసకు పోతుంటే తంతి ఆఫీసు కనపడింది. శనివారం మధ్యాహ్నం, తలుపు తీసే ఉంది. రెండు మెట్లెక్కాను. ‘కారు కదిలించకండి’ అని రెండు ముక్కలు చాలు. కానీ ఆవిడ ఎందుకని అడుగుతారు, ఊరంతా అడుగుతుంది, నా బోర్డు ఏమవుతుంది? డ్రమ్ము దొరికేస్తే ఎవరికీ తెలియక్కర్లేదు కదా అనుకుని దిగిపోయాను. ఎదురు కొట్లో కాఫీ తాగాను. కాఫీ బాగుంది. ఆ కాఫీ నేను చచ్చేదాకా మరిచిపోను.

పెదపాడు

చలపతిరావు గారి ఇంటి వెనక గడ్డివాము పక్కన నేను వెతికే కారే ఉంది, కానీ కారుగా లేదు. వెనక సీటులో కోళ్ళు పొదుగుతున్నాయి. ఒక తలుపు స్నానాల దడికి బిగించి ఉంది, అద్దంతో సహా. ముందు చక్రాలు ఎడ్లబండికి వెళ్ళిపోయాయి. నేను కోళ్ళను తోలి, ఇంజను వెనక రేకు మీద బురద తుడిచి నంబరు పలక చదివాను. డాక్టరమ్మ కారు పుట్టిన ఏడే, అదే మోడలు. ఇలాంటిది చూస్తే మామూలుగా నాకు ఆకలి దప్పికలుండవు. ఆరోజు మాత్రం నేరుగా వెనక్కి వెళ్ళి వంగి చూశాను. ఇరుసు లేదు.

"వెనక ఇరుసు తాడేపల్లిగూడెంలో పాత ఇనుం కొనే సత్యానికి ఇచ్చేశానండీ," అన్నారు చలపతిరావు గారు. "యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క మూల పెట్టాం. మా నాన్నగారు పోయాక మళ్ళీ దాని మొహం చూడబుద్ధి కాలేదు. రండి, భోజనం వేళయింది."

వద్దంటే విన్నారు కాదు. కొత్త బియ్యం అన్నం, కంద బచ్చలి కూర, ముద్దపప్పు, ఆవకాయ, గడ్డపెరుగు. వాళ్ళమ్మగారు విసనకర్రతో ఈగలు తోలుతూ పక్కనే కూర్చున్నారు. మావైపు అతిథికి పెడతారు, తిను అంటారు, అంతే. ఇక్కడ తినకపోతే వాళ్ళకేదో కష్టం కలిగినట్టు ముఖం పెడతారు.

"అయితే మీ డాక్టరమ్మ గారు ఆ కారు ఇంకా నడుపుతున్నారంటారా?" అని ఆయన ముచ్చటగా అడిగారు.

"లేదండీ, షెడ్డులో ఉంది," అన్నాను.

"అదే మంచిదండీ. బ్రేకు సరిగ్గా లేని బండి ఎక్కకూడదు."

ముద్ద గొంతుకు అడ్డం పడింది. పెద్దావిడ నా నెత్తి మీద తట్టి నీళ్ళిచ్చారు. వచ్చేటప్పుడు చలపతిరావు గారు వెండిలా మెరిసే చక్రం మూత ఒకటి అటక మీంచి తీసి నా చేతిలో పెట్టారు. డాక్టరమ్మ కారుకు సరిగ్గా అదే ఒకటి తక్కువ. "ఆవిడకివ్వండి. మా బండిది ఒక ముక్కయినా రోడ్డు మీద తిరుగుతుంది," అన్నారు. ఒక్క పైసా తీసుకోలేదు. నాకు ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది, అబద్ధం చెప్పినందుకు.

తాడేపల్లిగూడెం

గూడెం అవతల యుద్ధకాలంలో వేసిన విమానాల మైదానం ఉంది. ఇప్పుడక్కడ విమానాలు లేవు. సిమెంటు దారి పొడుగునా వడ్లు ఆరబోశారు. ఆడవాళ్ళు కాళ్ళతో వడ్లు తిరగేస్తూ నడుస్తుంటే, విమానం దిగేచోటు ఇదేనంటే నమ్మబుద్ధి కాలేదు. మావాళ్ళకు కళ్ళం అంటే పేడతో అలికిన నేల. వీళ్ళకు మైలు పొడుగు సిమెంటు కళ్ళం అప్పనంగా దొరికింది.

మిలటరీవాళ్ళు వదిలేసి పోయిన లారీల సామాను సత్యం గారి దొడ్డినిండా గుట్టలు పోసి ఉంది. బక్కపలచటి మనిషి, చెవిలో పెన్సిలు. చలపతిరావు గారి ఇరుసు దొరికింది. కుడి చివర డ్రమ్ము ఉంది, అరిగి రేకులా అయిపోయింది, పనికిరాదు. ఎడమ చివర బోడిగా ఉంది.

"ఎడమది ఏమైందండీ?" అన్నాను.

"అది లంకవాళ్ళు పట్టుకెళ్ళారండీ, ఏడేళ్ళయింది. ఆకివీడు దగ్గర దోనె ఎక్కి వెళ్ళాలి, కొల్లేట్లో."

"లంకలో కార్లున్నాయా?"

"కార్లెక్కడివండీ, దారే లేదు. గంటకి తీసుకెళ్ళారు. పొద్దున్న అది కొడితేగానీ అక్కడ ఎవరూ వల దింపకూడదు. సాయంత్రం కొడితే అందరూ ఎత్తెయ్యాలి. అప్పుడు నా దొడ్లో డ్రమ్ములన్నీ వరసగా కొట్టి చూసుకున్నారండీ, మామిడిపండు ఏరుకున్నట్టు."

ఏడేళ్ళు నీటి మధ్య వేలాడిన డ్రమ్ము. తుప్పు పట్టి ఉంటుంది. దెబ్బలకు పగిలి ఉంటుంది. అయినా వేరే దారి లేదు. సత్యం గారే సలహా ఇచ్చారు: "ఊరికే అడిగితే ఇవ్వరండీ. బదులు మోగేది పట్టుకెళ్ళండి." ఇద్దరం దొడ్డంతా తిరిగి ఒక మిలటరీ లారీ డ్రమ్ము ఏరాం. పగులుందో లేదో చూడాలంటే మా పనిలో ఒకటే పద్ధతి, స్పానరుతో తట్టి వినడం. మంచి పోత చాలాసేపు మోగుతుంది. పగిలింది టక్కుమని ఊరుకుంటుంది. ఇది ఖంగుమంది. బరువు మాత్రం నా అంత ఉంది. కూలీ మనిషి దాన్ని రైల్లోకి ఎక్కించడానికి ఆరణాలు అడిగి, నా ముఖం చూసి నాలుగే తీసుకున్నాడు.

అది సోమవారం.

ఆకివీడు దాటి లంక

ఆకివీడు స్టేషను దగ్గర ఐసు, రంపపు పొట్టు, చేపల బుట్టలు. దోనె నడిపే పోలయ్యది ఆ లంకే. తాటిమాను తొలిచి చేసిన దోనె, అందులో నేనూ ఆ లారీ డ్రమ్మూ. నీళ్ళు అంచుకు నాలుగు వేళ్ళ కిందున్నాయి. నాకు ఈత రాదు.

"కదలకుండా కూర్చోండి, ఏం కాదండీ," అన్నాడు పోలయ్య, గెడ వేస్తూ.

కదలాలని నాకెందుకుంటుంది? తామర ఆకులు, తుంగ, తెల్లగా బారులు తీరిన కొంగలు అన్నీ చూశాను, కానీ లోపల ఒకటే లెక్క. ఈరోజు మంగళవారం. ఇప్పుడు దొరికితే గురువారం పొద్దునకు ఇల్లు చేరతాను. ఆవిడ బయల్దేరేలోపు బిగించొచ్చు. దొరక్కపోతే? అక్కడి నుంచి ఆలోచన ముందుకు పోయేది కాదు.

లంక చేరేసరికి మధ్యాహ్నం. మగవాళ్ళందరూ వేటకు పోయారు. రేవు పక్క రెండు తాటి స్తంభాల నడుమ గొలుసుతో వేలాడుతోంది నా డ్రమ్ము. పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, నూనె రాసి ఉంది. గంట చూసుకునే సూరమ్మ అనే పెద్దావిడ నీళ్ళకు వెళ్ళిందని, వచ్చేదాకా కూర్చోమని చెప్పి పోలయ్య దోనె కట్టడానికి పోయాడు.

కూర్చునే ఓపిక నాకెక్కడిది? బొటనవేలితో పసుపు తుడిచి కాగితం పక్కన పెట్టాను. ఒక్కో అంకే సరిపోతూ వచ్చింది, చివరిది కూడా. రంధ్రాలు ఆరు. లోపల చెయ్యి పెట్టి తడిమాను. వారం వారం రాసే నూనెకు తుప్పు అంటలేదు. ఇక తెలియాల్సింది ఒకటే, పగులుందా లేదా. జేబులోంచి స్పానరు తీశాను. ఇరవయ్యేళ్ళ అలవాటు, చెయ్యి తనంతట తనే లేచింది. కొట్టాను.

అబ్బ, ఏం మోగింది. నీళ్ళ మీద అలా సాగి సాగి పోయింది. పగులు లేదు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతలో పోలయ్య పరిగెత్తుకొచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం పని చేశారండీ ఇది," అన్నాడు. కేక కూడా వెయ్యలేదు, రంగు పోయిన ముఖంతో మెల్లగా అన్నాడు.

నాకర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. వేళ కాని వేళ ఆ గంట రెండు కారణాలకే మోగుతుంది. ఎవరైనా నీళ్ళలో పోయినప్పుడు, లేదా ఎవరైనా తప్పు చేసి నలుగురి ముందు చెప్పుకోవడానికి వచ్చినప్పుడు. రెంటికీ అందరూ ఒడ్డుకు రావాల్సిందే.

కొల్లేట్లో దోనెలన్నీ ఇటు తిరిగాయి. కొందరు వలలు అక్కడే వదిలేసి గెడ వేస్తున్నారు. ఇళ్ళలోంచి ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఒకామె పిల్లను చంకనేసుకుని వచ్చే దోనెలను వేలితో ఒక్కొక్కటే లెక్కపెడుతోంది. నడుమలో తప్పి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. చివరి దోనె కనపడేదాకా ఆమె ఊపిరి తీసుకోలేదు. నేనూ తీసుకోలేదు.

నీళ్ళ బిందె దింపి సూరమ్మ వచ్చింది. "ఎవరు పోయారు?" అంది.

"ఎవరూ పోలేదు పిన్నీ. ఈయన కొట్టారు."

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "అయితే ఏం తప్పు చేశారు బాబూ తమరు?"

"తప్పేం లేదమ్మా. ఇనుము మంచిదో కాదో చూశా. ఒక కారుకు కావాల."

"దాని పాతదేమైంది?"

"పగిలింది."

"ఎలా పగిలింది?"

ముప్పై నలభై మంది, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ నిలబడి ఉన్నారు. ఒక్కరూ తిట్టలేదు. తిడితే నేను ఎదురు తిరిగేవాణ్ణి, నాకు అది చేతనవును. వాళ్ళు ఊరికే నిలబడి వింటున్నారు. ఇక నావల్ల కాలేదు. పుల్లర్ లేదని సుత్తితో కొట్టడం, ఇత్తడి అతుకు, మసి పూత, అత్తను చూసొస్తానన్న అబద్ధం, కనుమ, గురువారం, అన్నీ చెప్పేశాను. వాళ్ళలో చాలామంది కారెక్కి ఎరుగరు. అయినా అందరికీ అర్థమైంది.

"ఆవిడకి చెప్పారా బాబూ?" అంది సూరమ్మ.

"లేదమ్మా. ఇది బిగించేస్తే ఇక చెప్పే పని..."

"మాకు చెప్పి ఏం లాభం? ఎక్కేది ఆవిడ కదా."

 బదులుకు తెచ్చిన లారీ డ్రమ్మును దోనెలోంచి దొర్లించుకొచ్చి ఆవిడ ముందు పెట్టాను.

తర్వాత పని మాత్రం చకచకా జరిగింది. లారీ డ్రమ్మును స్తంభానికి వేలాడదీశారు. పోలయ్య దోనె వేసుకుని వలలు పడే చివరి హద్దు దాకా పోయాడు. వినపడితే తలగుడ్డ ఎత్తి ఊపాలి. సూరమ్మ కొట్టింది. చాలాసేపు ఏమీ కనపడలేదు.  అప్పుడు అంత దూరాన తెల్లగా గుడ్డ ఊగింది. ఆవిడ వెంటనే పసుపు తెచ్చి కొత్తదానికి పూసింది. పాతదానికి దణ్ణం పెట్టి దింపించింది.

ఎవరింట్లోంచో కొరమేను పులుసు, వేడన్నం తెచ్చి నాకు పెట్టారు. నేను చెడగొట్టిన వేటలో దక్కిన చేపే అది. మావైపు పులుసులో ఇంత చింతపండు వెయ్యరు. కారంగా, పుల్లగా, ఎంత బాగుందో. ఆకు ముందు తలెత్తలేకపోయాను.

డ్రమ్మును నాకివ్వలేదు. పోలయ్య చేతిలో పెట్టి సూరమ్మ చెప్పింది: "ఆకివీడులో ఆవిడకి తీగ కబురు ఇచ్చాకే ఈయనకియ్యి."

ఆకివీడు తంతి ఆఫీసు

పోస్టుమాస్టరు గారు మంచి మనిషి. నేను చెప్పింది విని ఇంగ్లీషులో రాసిపెడతానన్నారు. రాయబోతూ ఆగారు.

"డ్రమ్ము డిఫెక్టివ్, కారు కదపకండి అంటే సరిపోతుంది కదండీ? మీరు పగలగొట్టారని ఎందుకు? మాటలు తగ్గి డబ్బులు కూడా కలిసొస్తాయి."

డిఫెక్టివ్. ఎంత చక్కటి మాట. అందులో నేనెక్కడా లేను. ఒక్క క్షణం సరేననబోయాను కూడా. గుమ్మం దగ్గర పోలయ్య డ్రమ్మును నడుముకు ఆనించుకుని నిలబడి ఉన్నాడు. అతనికి ఇంగ్లీషు రాదు, చదువే రాదు.

"నేనే పగలగొట్టానని రాయండి సార్. అతికించి దాచానని కూడా," అన్నాను.

ఆయన రాశారు. పోలయ్య లోపలికొచ్చి, "ఓసారి తెలుగులో చదివి చెబుతారా అండీ," అన్నాడు. ఆయన చదివారు. పోలయ్య తలాడించి డ్రమ్ము నా చేతుల్లో పెట్టాడు. దోనె కూలి ఇస్తే తీసుకుని, "మళ్ళీ రండి, కొట్టకుండా రండి," అని నవ్వాడు. ఆ వారంలో నేను నవ్వింది అప్పుడొక్కసారే.

ఇల్లు

గురువారం పొద్దున స్టేషను నుంచి నేరుగా డాక్టరమ్మ ఇంటికి పోయాను. కారు షెడ్డులో ఉంది, చక్రాల కింద ఇటుకలు పెట్టి ఉన్నాయి. నా ప్రాణం కుదుటపడింది. ఆవిడ క్యాంపుకు పోవడానికి సర్వీసు బస్సు కోసం సంచీ సర్దుకుని వరండాలో కూర్చున్నారు. తంతి కాగితం చేతిలోనే ఉంది.

"నిన్న అందింది," అన్నారు.

"సమయానికి అందిందమ్మా, అదే పదివేలు."

"సోమవారం కనుమ దాటి పోయొచ్చాను, ఓబులేసూ."

నాకు వినపడింది కానీ తలకెక్కలేదు.

"కాన్పు అడ్డం తిరిగిందని కబురొచ్చింది. నువ్వు ఊరు దాటొద్దన్నది గుర్తుంది. లైనింగు కోసమే కదా, అరిగితే మళ్ళీ వేస్తావులే అనుకున్నా. తల్లీ పిల్లా బాగున్నారు. వచ్చేటప్పుడు ఆ తల్లీ, పసిగుడ్డూ వెనక సీట్లోనే ఉన్నారు. దిగేటప్పుడు కారు కాస్త పక్కకు లాగింది. ఓబులేసు చూశాడు కదా, ఏం కాదులే అనుకున్నా."

సోమవారం నేను గూడెంలో డ్రమ్ములు తట్టి వింటున్నాను. శనివారం ఏలూరులో తంతి ఆఫీసు మెట్లు దిగి కాఫీ తాగాను.

చక్రం విప్పి పాత డ్రమ్ము తీశాను. ఈసారి పుల్లర్‌తోనే తీశాను. ఇత్తడి దాదాపు మొత్తం వదిలేసింది. బోల్టు రంధ్రం దగ్గర చిటికెన వేలి గోరంత అతుకు మాత్రం మిగిలింది. దాన్ని పట్టుకెళ్ళి ఆవిడకు చూపించాను. ఆవిడ ఆ అతుకును వేలితో తడిమారు.

"ఇంకెంత దూరం వచ్చేది?" అన్నారు.

"చెప్పలేనమ్మా. ఇంకో మలుపు వచ్చేదో, రాదో."

ఆవిడ ముఖంలో కోపం లేదు. నెమ్మదిగా లేచి సంచీ తీసుకున్నారు. బస్సు హారను వినపడుతోంది. "కొత్తది బిగించు. వచ్చాక నువ్వూ నా పక్కన కూర్చో, కనుమ ఎక్కి దిగి వద్దాం," అని మెట్లు దిగారు.

ఆదివారం పోయొచ్చాం. డ్రమ్ము వేడెక్కినా ఎక్కడా పట్టు తప్పలేదు. చలపతిరావు గారిచ్చిన మూత చక్రానికి మెరుస్తూ ఉంది. దిగుతున్నంతసేపూ నేను వెనక సీటు వైపే తిరిగి తిరిగి చూస్తున్నాను, అక్కడ ఎవరూ లేకపోయినా.

బోర్డు దింపేశాను. ఆ కొక్కేనికి పగిలిన డ్రమ్ము వేలాడదీశాను. బండి బాగుచెయ్యడంలో నావల్ల ఏదైనా పాడైతే, ముందు స్పానరుతో దాన్ని ఒకసారి కొట్టి, ఆ తర్వాత బండి గలాయన్ని పిలుస్తాను. అది మోగదు, టక్కుమని ఊరుకుంటుంది. పక్క కొట్టువాడికి కూడా వినపడదు. పోయిన వారం రెండుసార్లు కొట్టాను.